మళ్ళీ లాబ్రడారే తెచ్చుకోవాలా?

మీరు రాసింది శ్రద్ధగా చదివాను. పదకొండేళ్ళు మీతో ఉన్న లాబ్రడార్‌కి ప్లీహంలో కణితి పగిలింది. అప్పటికే అది కాలేయానికి పాకిందని డాక్టరు చెప్పడంతో, బాధ లేకుండా ప్రాణం పోయేలా ఇచ్చే ఇంజెక్షన్‌కి ఆ పూటే ఒప్పుకున్నారు. తొందరపడ్డామేమో అన్న బాధ మిమ్మల్ని వదలడం లేదు. ఇంట్లో మిగిలిన ఆరేళ్ళ బీగిల్ సరిగా తినకుండా గుమ్మం దగ్గరే పడుకుంటోంది. ఎనిమిదేళ్ళ పాప అచ్చం వాడిలాంటి కుక్కే కావాలని ఏడుస్తోంది. మళ్ళీ లాబ్రడారే తెచ్చుకోవాలా, వేరే జాతి అయితే నయమా, అసలు ఇప్పుడే తేవచ్చా అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా కుక్కలకు శిక్షణ ఇస్తున్నాను, వాటిని పోగొట్టుకున్న ఇళ్ళలో కూర్చుని మాట్లాడాను కూడా. మీ ప్రశ్న జాతి గురించే అయినా, ముందు మిమ్మల్ని నలిపేస్తున్న విషయంతో మొదలుపెడతాను.

మీరు చెప్పిన తీరు చూస్తే అది హీమాంజియోసార్కోమా అనే క్యాన్సర్ అయి ఉండవచ్చు. రక్తనాళాల లోపలి పొరలో పుట్టే ఈ జబ్బు జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కల్లో ఎక్కువగా వస్తుంది. కణితి పగిలేదాకా బయటికి పెద్దగా ఏమీ తెలియదు. కుక్క ఒకరోజు కాస్త నీరసంగా ఉంటుంది, మర్నాటికి మామూలైపోతుంది. "ముందురోజు సాయంత్రం కూడా బంతి పట్టుకొచ్చాడు, మేమెలా గమనించలేదు?" అని రాశారు. గమనించడానికి అక్కడ ఏమీ లేదండి. ప్లీహం తీసేసి, ఆ పైన కీమోథెరపీ ఇచ్చినా చాలా కుక్కలకు దక్కేది కొన్ని నెలలే. జబ్బు కాలేయం దాకా పోయి, పొట్టలో రక్తం నిండాక ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోవచ్చు. ఆ రోజు వాణ్ణి బతికించే దారి మీ చేతిలో లేదు. బాధ పడకుండా పంపే దారి ఒక్కటే ఉంది, మీరు అదే ఎంచుకున్నారు.

ఇంజెక్షన్ తర్వాత కళ్ళు తెరుచుకునే ఉన్నాయని, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చినట్టయిందని, అప్పటికి వాడికి నొప్పి తెలుస్తోందేమోనని భయపడ్డారు. దీనికి సాధారణంగా వాడే పెంటోబార్బిటాల్ మత్తుమందే. మోతాదు చాలా ఎక్కువగా ఇస్తారు. కొద్ది సెకన్లలో ముందు స్పృహ పోతుంది, ఊపిరీ గుండే ఆగేది ఆ తర్వాతే. చనిపోయిన కుక్కకు రెప్పలు వాటంతటవి మూతపడవు. కండరాలు అదరడం, ఒకటి రెండు శ్వాసలు తీసుకున్నట్టు కనిపించడం మామూలే. వాటిని అనుభవించే స్పృహ అప్పటికి ఉండదు. డాక్టర్లు ఈ నాలుగు మాటలూ ముందే చెప్పి తీరాలని గట్టిగా నమ్ముతాను. చెప్పకపోవడం వల్ల ఎంతోమంది ఆ చివరి నిమిషాన్నే ఏళ్ళ తరబడి తలుచుకుని కుమిలిపోతుంటారు.

మీ బీగిల్‌కీ ముసలితనం వస్తుంది కాబట్టి ఒక పద్ధతి ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. ఆలిస్ విల్లాలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు తయారుచేసిన పట్టిక ఒకటుంది. నొప్పి (ఊపిరి ఆడటం కూడా ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీటి శాతం, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది: ఈ ఏడింటికీ ఒక్కోదానికి పదేసి మార్కులు, పరిస్థితి ఎంత బాగుంటే అన్ని ఎక్కువ. మొత్తం 35 దాటుతుంటే కుక్క బతుకు ఫరవాలేదని, అది దిగజారుతూ పోతుంటే డాక్టరుతో ఆ మాట మాట్లాడాల్సిన సమయం దగ్గరపడిందని అర్థం. వారానికోసారి తేదీతో సహా రాసి పెట్టుకుంటే మన ఆశ మన కళ్ళకు గంతలు కట్టదు. నొప్పి ఉన్న కుక్క చాలాసార్లు ఏడవదని కూడా గుర్తుంచుకోండి. రాత్రిళ్ళు ఒకచోట పడుకోలేక లేచి తిరగడం, ఎండా పరుగూ లేకుండానే రొప్పడం, ఒకే కీలుని అదే పనిగా నాకడం, మెట్ల దగ్గర ఆగిపోవడం, ఇవీ దాని గుర్తులు. మనుషులకు వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం ఇంట్లో ఉన్నాయి కదా అని ఎప్పుడూ వేయకండి. కుక్కలకు అవి ప్రాణాంతకం కావచ్చు.

"కుక్కే కదా" అన్న మాట మీకు ఈపాటికి ఎదురయ్యే ఉంటుంది. మనిషి పోతే పరామర్శకు వస్తారు, సెలవు ఇస్తారు, మర్నాడు నవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కుక్క పోతే అవేమీ ఉండవు. చుట్టూ ఉన్నవాళ్ళు గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశాడు. గుర్తింపు లేనంత మాత్రాన బాధ తగ్గదనీ, దాన్ని ఒంటరిగా మోయడం వల్ల ఇంకా బరువెక్కుతుందనీ ఆయన పని చెబుతుంది. పైగా కుక్కతో మన బంధం రోజువారీ పనుల్లో అల్లుకుని ఉంటుంది. పొద్దున తలుపు తీయగానే, సాయంత్రం నడకకు వెళ్ళే వేళకి, గిన్నె కడిగే చోట, అలా రోజులో పది చోట్ల లోటు తగులుతుంది. అందుకే ఇది దూరపు బంధువు పోయినప్పటి కన్నా ఎక్కువ నొప్పిగా అనిపిస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ ప్రేమ కొత్త తరం గారాబం కూడా కాదు. జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. దాదాపు 14,000 ఏళ్ళ నాటిది. ఒక మగమనిషి, ఒక స్త్రీ, వాళ్ళతోపాటు ఒక కుక్కపిల్ల. ఆ పిల్లకు ఏడు నెలలు కూడా నిండినట్టు లేదు. పళ్ళను పరిశీలించినవాళ్ళు దానికి డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు వచ్చి ఉంటుందని, ఒకటికి మించి సార్లు జబ్బు తిరగబెట్టినా కొన్ని వారాలు బతికిందని తేల్చారు. ఎవరో శుభ్రం చేసి, నీళ్ళు పట్టి, వెచ్చగా ఉంచితే తప్ప అది సాధ్యం కాదు. వేటకి పనికిరాదు, కాపలాకి పనికిరాదు. అయినా దాన్ని చూసుకున్నారు, తమవాళ్ళతోనే పూడ్చారు. జాతి గురించి మాట్లాడేటప్పుడు ఈ పిల్ల నాకు తరచూ గుర్తొస్తుంది.

ఇక బీగిల్. ఇటలీలో 426 మంది యజమానులను అడిగి చేసిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. ఇంట్లో ఒక కుక్క పోయాక మిగిలినదాని ప్రవర్తనలో మార్పు చూశామని వాళ్ళలో 86 శాతం మంది చెప్పారు. మన వెంటే తిరగడం, ఆట తగ్గడం, ఎక్కువ నిద్ర, తక్కువ తిండి. దీన్ని మనిషి దుఃఖంతో సమానమని నేననను. కానీ మీ బీగిల్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాడు లేని ఇల్లు చూడలేదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు గుమ్మం దగ్గరికి పరుగెత్తాలో వాడిని చూసే నేర్చుకుని ఉంటుంది.

ముందు చేయాల్సింది డాక్టరుకి చూపించడం. బెంగ అనుకుని వదిలేసిన కేసుల్లో పంటి నొప్పో, మరో జబ్బో బయటపడటం ఉంది. బీగిల్ తిండి మానేయడం అన్నది అసలే మామూలు విషయం కాదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, నీళ్ళు తాగడం తగ్గినా, వాంతులైనా ఆగకండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే, నడక, తిండి, నిద్ర వేళలు పాతవే ఉంచండి. గిన్నె పెట్టి పావుగంటలో తీసేయండి. తినలేదని బతిమాలుతూ నోటికందిస్తే కొద్ది రోజుల్లో అదే అలవాటవుతుంది. నడకలో మాత్రం తొందరపెట్టకండి. బీగిల్‌కి ముక్కే లోకం. పొదల దగ్గర, స్తంభాల దగ్గర ఎంతసేపు వాసన చూస్తానంటే అంతసేపు నిలబడండి. ఇంట్లో కూడా తిండిలో కొంత పాత తువ్వాలు మడతల్లో దాచి వెతుక్కోనివ్వండి. ముక్కుకి పని దొరికితే బీగిల్ మనసు కుదుటపడటం నేను చాలాసార్లు చూశాను. వాడి పరుపు వెంటనే ఉతికేయకండి, అది వెళ్ళి పడుకుంటే పడుకోనివ్వండి. జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఉంటోంది కాబట్టి ఐదు నిమిషాలు, పది నిమిషాలు అలా బయటికి వెళ్ళి రావడం ఇప్పుడే అలవాటు చేయండి. లేకపోతే కొన్ని వారాలకు మీరు తలుపు వేయగానే ఊళ పెట్టడం మొదలవుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. జాతి మనకు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

2022లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన అచ్చయింది. 18,000కు పైగా కుక్కల గురించి యజమానులు ఇచ్చిన జవాబులు, వాటిలో సుమారు 2,000 కుక్కల జన్యువులు కలిపి చూశారు. ఒక కుక్కకీ మరో కుక్కకీ మధ్య ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతితో వివరించగలిగింది సుమారు 9 శాతమే. చెప్పిన మాట వినే గుణం, అంటే శిక్షణకు లొంగడం, జాతిని బట్టి కాస్త ఎక్కువ మారింది. ఎంత త్వరగా కోపమొస్తుంది, ఎంత సులువుగా భయపడుతుంది అన్నవి జాతి పేరుతో దాదాపు ఊహించలేం. ఇది చదివి కొందరు జాతి అన్నదే అబద్ధం అంటున్నారు. నేను ఒప్పుకోను. మనుషులు వందల ఏళ్ళపాటు ఒక పని కోసం ఎంచుకుంటూ పోయిన గుణాలు రక్తంలో ఉండనే ఉంటాయి. ఆ పని ఏమిటో తెలిస్తే, ఆ కుక్క మీ దినచర్యని ఏం అడుగుతుందో చాలావరకు తెలుస్తుంది. దాని మనసు ఎలాంటిదో మాత్రం తెలియదు.

లాబ్రడార్‌నే తీసుకోండి. న్యూఫౌండ్‌లాండ్‌లో చేపలు పట్టేవాళ్ళ దగ్గరుండే నీటి కుక్కల నుంచి వచ్చింది. తర్వాత వేటలో పడిన పక్షిని నలగకుండా నోట కరుచుకుని తేవడానికి బ్రిటన్‌లో తీర్చిదిద్దారు. అందుకే ఇంట్లో చెప్పులు, తువ్వాళ్ళు, ఏది కనిపిస్తే అది నోట పట్టుకుని ఎదురొస్తుంది. దానికి తీరని ఆకలి కూడా ఊరికే రాలేదు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడం సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో ఉందని, అలాంటివాటికి తిండి మీద ధ్యాస, బరువు రెండూ ఎక్కువని చూపించారు. తిండి ఆశ చూపి నేర్పితే ఏదైనా నేర్చుకునేదీ ఇదే, పదేళ్ళకే కీళ్ళు పట్టేసేంత లావెక్కేదీ ఇదే. ఇవి మీకు అనుభవమే. కానీ మీరు రాసిన మిగతా సంగతులు, అంటే పాపకి జ్వరమొస్తే మంచం దిగకపోవడం, ఉరుములకు మీ కాళ్ళ మధ్య దూరడం, కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు కాస్త దూరంగా కూర్చుని చూడటం, ఇవి లాబ్రడార్ లక్షణాలు కావు. అవి వాడివి.

బోర్డర్ కోలీ గొర్రెలని చూపుతోనే అదుపు చేయడానికి పుట్టింది. చేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకున్న సంగతి విని చాలామంది తెలివైన కుక్క కదా అని తెచ్చుకుంటారు. ఆ తెలివికి రోజూ పని కావాలి. పని లేకపోతే పరుగెత్తే పిల్లల్ని, సైకిళ్ళని మళ్ళించడమే పనిగా పెట్టుకుంటుంది, మడమలు కొరుకుతుంది. ఉద్యోగాలకు వెళ్ళి సాయంత్రం అలసిపోయి వచ్చే ఇంటికి దీన్ని నేను ఎప్పుడూ సలహా ఇవ్వను. జర్మన్ షెపర్డ్ మంద చుట్టూ తిరుగుతూ కాపు కాసిన కుక్క. ఇంట్లోవాళ్ళు తలో గదిలో ఉంటే దానికి నిలకడ ఉండదు. చిన్నప్పుడే కొత్త మనుషులు, కొత్త చోట్లు చూపించకపోతే ఆ కాపలా బుద్ధి అనుమానంగా ముదురుతుంది. డాక్స్‌హుండ్ బొరియల్లో దూరి అడవి జంతువుని ఒంటరిగా ఎదుర్కొన్నది. పొట్టి కాళ్ళు చూసి మెతక అనుకోకూడదు, తన నిర్ణయాలు తనే తీసుకోవడం దాని వృత్తి. పొడవాటి వెన్ను వల్ల సోఫాల మీంచి దూకడం ప్రమాదం. పగ్‌ని మనుషుల ఒడిలో ఉండటానికే పెంచారు, సరదా మనిషి అనిపించేంత కలుపుగోలుతనం. కానీ ఆ అణగారిన ముక్కుతో దానికి ఊపిరి తీసుకోవడమే కష్టం, వేడిలో నిజంగా ప్రాణాపాయం. గురక ముద్దుగా ఉందని నవ్వుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

బీగిల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, వాసన తగిలాక మీ పిలుపు దానికి వినిపించదు.

స్వభావం కన్నా జాతి గట్టిగా చెప్పేది ఆయుష్షు, జబ్బులు. గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలు సాధారణంగా ఏడు నుంచి పదేళ్ళలోపే వెళ్ళిపోతాయి. డోబర్‌మన్‌లకు గుండె కండరం జబ్బు, పెద్ద జాతుల్లో చాలావాటికి తుంటి కీలు సమస్య, లోతైన ఛాతీ ఉన్నవాటికి కడుపు మెలిపడటం ఉంటాయి. మళ్ళీ తొందరగా పోగొట్టుకునే శక్తి మీ పాపకి, మీకు లేదనుకుంటే ఈ లెక్క చూడటం స్వార్థం కాదు.

మరి స్వభావాన్ని ఎలా ఊహించాలి? కుక్కపిల్ల అయితే తల్లిని చూడండి. భయస్తురాలైన తల్లి దగ్గర పెరిగిన పిల్లలకు ఆ భయం రక్తంలోనూ పెంపకంలోనూ వస్తుంది. తల్లిని చూపించడానికి సాకులు చెప్పేవాళ్ళ దగ్గర కొనకండి. ఒకే ఈత పిల్లల్లో కూడా ఒకటి మీదికి దూకుతుంది, ఒకటి వెనక్కి తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం వయసు. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో ప్రకటించిన విషయం ఇప్పటికీ నిలబడింది: సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఏ మనుషుల్ని, ఏ చప్పుళ్ళని సుఖంగా పరిచయం చేసుకుంటుందో వాటితో జీవితాంతం నిబ్బరంగా ఉంటుంది. మీకు కావాల్సింది నెమ్మదస్తు తోడైతే, నా సలహా రెండేళ్ళు దాటిన కుక్క. ఏ జాతీ కాని కలగలుపు కుక్కయినా సరే. దాని స్వభావం అప్పటికే కళ్ళ ముందు ఉంటుంది. పిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది, తిండి గిన్నె దగ్గర ఎలా ఉంటుంది, ఇంకో కుక్క ఎదురైతే ఏమంటుంది అన్నది ఊహించక్కర్లేదు, చూడవచ్చు.

లాబ్రడార్‌తో గడపడం మీకు నచ్చితే, ఆ నడకలు, ఆ ఆకలి, రాలే ఆ బొచ్చు మీ ఇంటికి సరిపోతే మళ్ళీ లాబ్రడార్ తెచ్చుకోండి. తప్పేమీ లేదు. వాణ్ణి మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడానికైతే వద్దు. అదే రంగు, అదే ముఖం ఉన్న పిల్లని తెచ్చి, అదే పేరు పెట్టి, ఆరు నెలలకల్లా "వాడు ఇలా చేసేవాడు కాదు" అంటూ నిరాశపడిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. దాన్ని దానిలా ఎవరూ చూడలేదు, అంతే. పాప కోరిక తీర్చాలని ఈ పని చేస్తే ముందుగా నిరాశపడేది పాపే.

పాపతో నిజమే చెప్పండి. నిద్రపోయాడు, ఊరెళ్ళాడు అనొద్దు. ఎనిమిదేళ్ళ పిల్లకు చావంటే తిరిగి రాకపోవడమని అర్థమవుతుంది. నిద్రపోయాడంటే రేపు తను నిద్రపోవడానికి భయపడవచ్చు. ఇంజెక్షన్ విషయం కూడా దాచకండి, వాడి జబ్బు నయం కాదని, నొప్పి లేకుండా చేశామని సూటిగా చెప్పండి. మీరు ఏడుస్తుంటే చూడనివ్వండి. అచ్చం వాడిలాంటిదే కావాలన్నప్పుడు వాదించకుండా, వాడు చేసే పనులన్నీ తనతో రాయించండి. రాస్తూ పోతే ఇలాంటిది ఇంకోటి ఉండదని తనకే తెలుస్తుంది.

ఎప్పుడు తేవాలన్నదానికి ఇన్ని వారాలని లెక్క లేదు. కొందరు నెలకే సిద్ధపడతారు, కొందరికి ఏళ్ళు పడుతుంది. రెండో కుక్కని తేవడం మొదటిదానికి ద్రోహం అనే ఆలోచన మాత్రం పక్కన పెట్టండి. మీరు సిద్ధమో కాదో తెలుసుకోవడానికి తెలిసినవాళ్ళ కుక్కని రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని చూడండి. దాని అలవాట్లు చూసి ముచ్చటేస్తే మంచిదే. ప్రతిదీ వాడితో పోల్చి గొంతు పట్టేస్తుంటే ఇంకొంత ఆగండి. బీగిల్ మనసు కూడా అప్పుడే తెలిసిపోతుంది. బెంగతో ఉన్న కుక్కకి తోడు తెస్తే అదే సర్దుకుంటుందని చాలామంది అంటారు. కొన్నిటికి నిజమే, కొన్నిటికి అది ఇంకో టెన్షన్ అవుతుంది.

కొత్త కుక్కని నేరుగా ఇంట్లోకి తీసుకురాకండి. రెండింటికీ సొంతం కాని ఖాళీ స్థలంలో, ఇద్దరు మనుషులు చెరొకదాన్ని పట్టుకుని, ముందు దూరదూరంగా ఒకే దిక్కులో నడిపించండి. గొలుసులు వదులుగా ఉంచండి. ఒళ్ళు బిగుసుకోకుండా ఒకదాని వెనక ఒకటి వాసన చూసుకుంటే దగ్గరకు రానివ్వండి. మూడు నాలుగు సెకన్లకు పక్కకు పిలిచి మళ్ళీ నడవండి. గిన్నెలు, పడకలు మొదటి కొన్ని వారాలు వేరు వేరు గదుల్లో పెట్టండి. వాడి పరుపు కొత్తదానికి ఇవ్వకండి, బీగిల్ ఇంకా దాని మీదే పడుకుంటూ ఉంటుంది.